శాలువా తరవాత, ముందు సమస్య ఇవ్వండి



మన ఊళ్లో కవిసమ్మేళనం ఎలా నడుస్తుందో మీకు చెప్పాలా? ఆరింటికన్నది ఏడున్నరకు మొదలవుతుంది. జ్యోతి ప్రజ్వలన, అధ్యక్షోపన్యాసం, ముఖ్య అతిథి గారి చిన్ననాటి ముచ్చట్లు. తరవాత నలభై మంది కవులు, మనిషికి మూడు నిమిషాలు. చదివినవాడు శాలువా కప్పించుకుని, ఫొటో దిగి, చెప్పులు వెతుక్కుంటాడు. ఆఖరి కవి వంతు వచ్చేసరికి హాల్లో మిగిలేది మైకు కుర్రాడూ, ఆ కవిగారి బావమరిదీ. మేమూ అలా మధ్యలో లేచొచ్చినవాళ్లమే, ఒకర్ని అని లాభం లేదు.

మేం అడిగేది ఒక్కటే. ప్రతి సమ్మేళనంలోనూ ఓ గంట చదవడం ఆపి, కలిసి రాద్దాం. అక్కడికక్కడ సమస్య ఇచ్చి, చాపకు నలుగురేసి కూర్చుని.

ఇది మన గడ్డకు కొత్తేం కాదు. చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి గారిది కడియం. దివాకర్ల తిరుపతిశాస్త్రి గారిది భీమవరం దగ్గర యండగండి. చర్ల బ్రహ్మయ్యశాస్త్రి గారి దగ్గర చదువుకుంటూ పోటీపడ్డ ఈ ఇద్దరే జంటకవులై ఊరూరా అవధానాలు చేశారు. 1920లో తిరుపతిశాస్త్రి గారు పోయాక ముప్పై ఏళ్లు బతికిన వెంకటశాస్త్రి గారు, ఒక్కరే రాసినా ఇద్దరి పేరూ పెడుతూనే వచ్చారు. ‘ఏకాంతసేవ’ మాటేమిటి? పేరు ఏకాంతం, రాసింది వేంకట పార్వతీశ కవులిద్దరూ!

‘అవధానం పండితులది, ఛందస్సు రానివాళ్లకెందుకు?’ అంటారు. సమస్యకు ప్రాణం గణాల్లో లేదు, చిక్కుముడిలో ఉంది. పొసగని మాట ఒకటి ఇస్తారు, దాన్ని పొసగించాలి. వచన కవితలో పొసగకూడదని ఎవరన్నారు? కలిసి రాయడం బయటా ఉంది: జపాన్‌లో రెంగా అని ఒకరు మూడు పాదాలు రాస్తే పక్కవాడు రెండు పాదాలు అతికించి, అలా గొలుసు కడతారు.

మొన్న కార్తీక పౌర్ణమికి కోటిపల్లి రేవులో ఐదుగురం కూర్చున్నాం. సమస్య: ‘పంటు రాని రేవులో టిక్కెట్టు కోశారు.’ (పంటు అంటే ఏరు దాటించే పెద్ద పడవ.) ఒకరు శ్మశానం రాశారు. అందరికీ ముందు తట్టేది అదే, కొట్టేశాం. ఒకావిడ గల్ఫ్ వెళ్లిన చెల్లెల్నీ, ఏజెంటుకు కట్టిన డబ్బునీ రాసింది. ఇంకొకాయన ఎనిమిది పాదాల్లో ఆరు మేమే కొట్టేశాం. మొహం మాడ్చుకున్నాడు గానీ, మిగిలిన రెండూ మెరిశాయి. టీ కెటిలుతో నిలబడి వింటున్న మనిషి ఉన్నట్టుండి అన్నాడు: “ఆయ్, మా ఊరికాడ వంతెన పడ్డాక కూడా మా నాన్న టిక్కెట్ల పుస్తకం పట్టుకుని పాత రేవులో కూచునేవోడండి.” అంతే, కలాలు ఆగిపోయాయి. ఆ మాటే ఆఖరి పాదం చేశాం. కవిత కింద ఆరు పేర్లు రాశాం.

2027లో గోదావరి పుష్కరాలొస్తున్నాయి. కవిసమ్మేళనాలు ఎటూ పెడతారు. నిర్వాహకులకు మా మనవి: రోజుకు ఒక గంట, ఒక ఘాట్‌లో, వేదిక లేకుండా ఈ పనికి వదలండి. ఖర్చు చాపలూ కాగితాలే. పిల్లల్ని కూడా రానివ్వండి, బహుమతుల పోటీ మాత్రం పెట్టకండి. ప్రైజు పెట్టిన మరుక్షణం పక్కవాడి కాగితానికి చెయ్యి అడ్డం పెట్టుకుంటారు.

అందాకా ఆగలేనివాళ్లు వచ్చే పౌర్ణమి సాయంత్రం ఐదున్నరకు రాజమండ్రి పుష్కర ఘాట్ మెట్ల మీదికి రండి. సమస్య ఇది: ‘గోదారి ఒడ్డున బోరు వేశారు.’ చాప తెచ్చుకోండి. శాలువాలు ఇంట్లో మూలుగుతుంటే అవీ తెండి, పరుచుకుందాం.

— కొందరు మిత్రులు, రాజమహేంద్రవరం