మన చలనచిత్ర సంపద

తెలుగువారి తొలి టాకీ "భక్త ప్రహ్లాద" యెప్పుడు విడుదలయ్యెనని యడిగిన, 1931 సెప్టెంబరు 15 వ తేదీయని బహుకాలము అందరును చెప్పుచు వచ్చిరి. అది పొరపాటనియు, చిత్రము 1932 ఫిబ్రవరి 6 వ తేదీన బొంబాయిలో విడుదలయైనదనియు పరిశోధకులు రెంటాల జయదేవగారు నిరూపించిరి. వారికి ఆధారమైనవి సెన్సారు వివరములును, నాటి పత్రికా ప్రకటనలును. చిత్రమునే చూతమన్న దాని ప్రతి యొక్కటియు నేడు లభించుట లేదు. కాగితము నిలిచినది, కళ నశించినది.

ఇది యొక్క చిత్రమునకే పట్టిన గతి కాదు. 1921 నాటి మూకీ "భీష్మ ప్రతిజ్ఞ" మనకు దక్కలేదు. హిందీవారి తొలి టాకీ "ఆలం ఆరా"యు దక్కలేదు. ఆ కాలపు నైట్రేటు ఫిల్ము ఇట్టే అంటుకొనును. వేడికిని తేమకును చెడును. ఆడుట ముగిసిన చిత్రమును దాచుట వ్యాపారికి దండుగ వ్యయముగా దోచెను. రీళ్లలోని వెండికొరకు వానిని పాడుచేసినవారును గలరు.

ప్రభుత్వమేమి చేసెను? ముద్రితమైన పుస్తకముల ప్రతులను తనకు సమర్పింపవలయునని ఆంగ్ల ప్రభుత్వము 1867 లో శాసించెను. ప్రజల వ్రాతలపై నిఘాయే దాని యుద్దేశము కావచ్చును. అయినను పుస్తకమునకు మేలు కలిగెను. 1918 సినిమాటోగ్రాఫు శాసనము చిత్రమును పరీక్షింపుమనెనే గాని, భద్రపరుపుమనలేదు. స్వతంత్ర భారతము పుస్తకముల విషయమై 1954 లోనే శాసనము చేసినను, పూనాలో జాతీయ చలనచిత్ర భాండాగారము వెలయుటకు 1964 వరకు వేచియుండవలసి వచ్చెను. అప్పటికే తొలితరము చిత్రములు పెక్కు గతించినవి. 2003 లో పూనాలోనే జరిగిన అగ్నిప్రమాదమున మరికొన్ని దగ్ధమైనవి.

"నేడు సమస్తమును ఫోనులో నున్నది; ఇంక విచారమేల?" యని కొందరందురు. కనబడుట వేరు, పదిలముగా నుండుట వేరు. ప్రసార సంస్థల యొడంబడిక గడువు తీరిన మరునాడు చిత్రము మాయమగును. ఊరక దొరకు ప్రతులలో ననేకము కత్తిరింపులతోను, మసకబారిన బొమ్మతోను ఉన్నవి. హార్డు డిస్కులు కొలది యేండ్లకే మొరాయించును. చల్లని పొడిగదిలో సరిగా దాచిన ఫిల్ము వానికంటె దీర్ఘాయువు.

చలనచిత్రము కాలక్షేపము మాత్రమే యనుకొనువారు గూడవల్లి రామబ్రహ్మంగారిని స్మరింతురు గాక. 1938 లో "మాలపిల్ల"తో అస్పృశ్యతను, 1939 లో "రైతుబిడ్డ"తో జమీందారీ దౌష్ట్యమును ఆయన ఎదుర్కొనెను. నాటి పల్లెటూరి మాట, కట్టు, నడక యెట్టివో తెలుపుటకు ఏ గ్రంథమును అట్టి చిత్రమునకు సాటిరాదు. రంగస్థలమును ఏలిన బళ్లారి రాఘవగారి యభినయమును నేటి యువకుడు చూడగోరిన "రైతుబిడ్డ" వంటి చిత్రమే శరణ్యము గదా!

2014 లో తెలుగువారి రాష్ట్రములు రెండైనను, ఈ సంపద యొక్కటియే. ఉభయ ప్రభుత్వములును కలసి హైదరాబాదులోనో, వేరొక యనువైన తావుననో తగిన భాండాగారమును నెలకొల్పవలయును. ఒక్కొక్క చిత్రపు ప్రచారమునకు కోట్లు వెచ్చించు నిర్మాతలు అందులో స్వల్పభాగమును దీనికి కేటాయించిన వారికి లోటు రాదు. పాత నిర్మాతల, పంపిణీదారుల వంశీయులు తమ యటకలపై నున్న డబ్బాలను పాత సామానువానికి వేయకమునుపు ఒక్కసారి మూతదీసి చూతురు గాక. పోయినదని మనమనుకొను చిత్రము అందులోనే యుండవచ్చును.

పరీక్షించుటకు నూరేండ్ల క్రిందటనే శాసనము పుట్టినది. రక్షించుటకు శ్రద్ధ యిప్పుడైనను పుట్టవలయును.