సీటు దొరికిన తరువాత

ప్రతి సంవత్సరం వేసవి ముగిసే వేళకు మన భిలాయి సెక్టార్లలో పండుగ వాతావరణం నెలకొంటుంది. ఎవరి అబ్బాయికి ఏ కళాశాలలో సీటు వచ్చింది, ఎవరి అమ్మాయికి ఏ బ్రాంచి దొరికింది అన్న ముచ్చట్లే షిఫ్టు బస్సులలోనూ క్యాంటీన్లలోనూ వినవస్తాయి. కోచింగ్ కేంద్రాల బోర్డులపై పిల్లల ఫొటోలు వెలుస్తాయి. ఇదంతా సంతోషించదగినదే. అయితే నాలుగేళ్ల తరువాత వారిలో ఎందరు సకాలంలో పట్టా పుచ్చుకొన్నారన్న లెక్క ఏ బోర్డు మీదా కనబడదు. ఈ మాసం ఆ లెక్కను గురించి పాఠకులతో ముచ్చటించదలచాము.

మన ప్రాంతంలో ఇప్పుడు సాంకేతిక విద్యకు అవకాశాల కొరత లేదు. 1956లో రాయపూర్‌లో గనులు, లోహశాస్త్రాల కళాశాలగా మొదలైన సంస్థ 2005లో జాతీయ సాంకేతిక సంస్థ అయినది. దుర్గ్‌లో భిలాయి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ 1986లో నెలకొన్నది. 2005లో స్వామి వివేకానంద సాంకేతిక విశ్వవిద్యాలయం, 2016లో ఐఐటీ భిలాయి వచ్చాయి. తలుపులు ఇన్ని తెరుచుకొన్నాయి. లోపలికి వెళ్లిన విద్యార్థి తిరిగి పట్టాతో బయటకు రావడమే అసలు ప్రశ్న.

ఒక చిన్న లెక్క చూద్దాము. అఖిల భారత సాంకేతిక విద్యామండలి 2018లో ఇచ్చిన నమూనా ప్రణాళిక ప్రకారం ఇంజనీరింగు పట్టాకు 160 క్రెడిట్లు. ఎనిమిది సెమిస్టర్లకు పంచితే సగటున ఒక్కొక్క దానికి 20. మొదటి సెమిస్టరులో నాలుగు క్రెడిట్ల గణితం తప్పిన విద్యార్థి దానిని మరొక సెమిస్టరులో మోయవలసిన బరువు 24 అవుతుంది. రెండు తప్పితే 28. ఇరవై మోయలేక తడబడినవాడు ఇరవై ఎనిమిది ఎలా మోయగలడు? పైగా ఈ విషయాలు ఒకదాని భుజం మీద మరొకటి నిలబడినవి. మెకానిక్స్ రానివానికి స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్ రాదు. అది రానివానికి మెషిన్ డిజైన్ అర్థం కాదు. మూడవ సంవత్సరంలో కనబడే వైఫల్యానికి విత్తనం మొదటి సంవత్సరంలోనే పడి ఉంటుంది. తీరా పట్టా చేతికి వచ్చినా కష్టం తీరదు. మన సెయిల్ సంస్థ మేనేజ్‌మెంట్ ట్రైనీల ప్రకటనలలో పలుమార్లు జనరల్ అభ్యర్థులకు 65 శాతం మార్కులు అడిగింది; అందుకు అన్ని సెమిస్టర్ల సగటునూ లెక్కలోకి తీసుకొంది.

బ్లాస్ట్ ఫర్నేస్ వద్ద పనిచేసిన వారికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. పైనుండి వేసిన చార్జి హార్త్ వరకు దిగడానికి ఆరు నుండి ఎనిమిది గంటలు పడుతుంది. కనుక ఫర్నేస్ చల్లబడుతున్నదన్న సూచన అందగానే, లోహం ఉష్ణోగ్రతనూ సిలికాన్ శాతాన్నీ చూసి, కోక్ పెంచుతారు. హార్త్ గడ్డకట్టేవరకు ఆగితే అది చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొన్నట్లే. విద్యార్థి విషయంలో మనం సెమిస్టరు ఫలితం వచ్చేవరకు ఆగుతున్నాము. అప్పటికి తరువాతి సెమిస్టరు మొదలై ఉంటుంది.

సూచనలు ముందే కనబడతాయి. మొదటి ఆరు వారాలలో హాజరు తగ్గడం, మొదటి క్లాస్ టెస్టులో ఏడెనిమిది మార్కులు, ప్రయోగశాల రికార్డు సమర్పించకపోవడం, ఇంటికి ఫోను చేయడం తగ్గించడం. పన్నెండవ తరగతి వరకు కోచింగ్ వారు గంట గంటకూ చదివించిన పిల్లవానికి తనంతట తాను చదువుకొనే అలవాటు లేదు. హిందీ మాధ్యమంలో చదివి, ఇంట తెలుగు మాట్లాడి, హఠాత్తుగా ఆంగ్ల గ్రంథాల ముందు కూర్చొన్నవాని అవస్థ మరీ దారుణం. అతనికి తెలివి తక్కువ కాదు, అడగడానికి సిగ్గు.

సీటు తెచ్చుకొన్న తెలివే చాలుననుకొనేవారు 2015లో రూర్కీ ఐఐటీలో జరిగినది గుర్తుచేసుకోవాలి. మొదటి సంవత్సరం ముగిసేసరికి నిర్ణీత గ్రేడు అందలేదని డెబ్బైమందికి పైగా విద్యార్థులను తొలగించారు. తరువాత తిరిగి చేర్చుకొన్నారు. దేశంలోకెల్లా కఠినమైన ప్రవేశ పరీక్ష నెగ్గినవారే వారందరూ.

మరి ఉపాయమేమిటి? 1970లలో అమెరికాలో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో యూరీ ట్రీస్మన్ అనే గణిత శాస్త్రజ్ఞుడు కాల్క్యులస్‌లో వెనుకబడిన నల్లజాతి విద్యార్థులను పరిశీలించారు. వారు శ్రమించకపోవడం లేదు, ఒంటరిగా శ్రమిస్తున్నారు. రాణిస్తున్న చైనా సంతతి విద్యార్థులు కూడి చదువుకొంటున్నారు. ఆయన కఠినమైన లెక్కలిచ్చి కలిసి సాధించే బృందాలను ఏర్పరచగా ఫలితాలు మారాయి. న్యూయార్కు నగర విశ్వవిద్యాలయం 2007లో ప్రారంభించిన పథకంలో రెండేళ్ల కోర్సు విద్యార్థులకు సలహాదారుతో తరచు భేటీ, ఫీజులో తక్కువపడిన సొమ్ము, పుస్తకాలు, రవాణా ఖర్చు సమకూర్చారు. లాటరీ పద్ధతిన రెండు వర్గాలుగా విభజించి పరిశీలిస్తే, మూడేళ్లలో పట్టా పొందినవారు పథకం అందినవారిలో 40 శాతం, అందనివారిలో 22 శాతం. మన తెలుగునాట 2008లో ఏర్పడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం పదవ తరగతి ముగించిన గ్రామీణ విద్యార్థులను తీసుకొని, ఇంజనీరింగుకు ముందు రెండేళ్లు అక్కడే పునాది వేసే పద్ధతి అవలంబించింది.

వీటిలో మన చేతనైనది చాలా ఉన్నది. పెద్ద పెద్ద పథకాలు అక్కరలేదు. తల్లిదండ్రులు "ఎన్ని మార్కులు వచ్చాయి?" అని ఫలితాలనాడు గద్దించడం కన్న, ఆరవ వారంలో "ఏ పాఠం కష్టంగా ఉన్నది?" అని శాంతంగా అడగడం మేలు. బి షిఫ్టు ముగించుకొని రాత్రి ఇంటికి చేరే తండ్రికి ఇది కష్టమే. వారాంతపు సెలవునాడు అరగంట దొరకదా? మెకానిక్స్, గణితం, విద్యుత్ శాస్త్రం కొట్టినపిండి అయిన పదవీ విరమణ పొందిన ఇంజనీర్లు మన సెక్టార్లలో ఎందరో ఉన్నారు. ఒక్కొక్కరు ఆదివారం రెండు గంటలు ఐదుగురు మొదటి సంవత్సరం విద్యార్థులను కూర్చోబెట్టి, సమాధానం చెప్పకుండా, వారిచేతనే లెక్క చేయించవచ్చును. మాట తెలుగులో సాగినా పరవాలేదు, పదం ఆంగ్లంలో అందితే చాలు. ఇందుకు మన సంఘాల భవనంలో ఒక గది, ఒక నల్లబల్ల చాలును. తప్పిన పేపరును దాచవలసిన అగత్యం లేని చోటు అది కావాలి. అదే దాని మొదటి నియమం.

ఈ సంవత్సరం సీటు వచ్చినవారి ఇంటికి మిఠాయి తినడానికి వెళ్లే మిత్రులకు మా మనవి ఒక్కటే. ఆ ఇంటికే ఆరు వారాల తరువాత మరొకసారి వెళ్లండి.