మడ అడవికి కావలి ఎవరు?

పరిశ్రమలు, వాహనాలు వెదజల్లే బొగ్గుపులుసు వాయువులో సుమారు నాలుగో వంతును సముద్రం తనలో ఇముడ్చుకొంటున్నది. ఆ ఉపకారానికి ఫలితంగా దాని నీటి ఆమ్లత్వమే పెరుగుతున్నది. దీనిని ప్రభుత్వాలే సరిదిద్దాలని చేతులు ముడుచుకొని కూర్చోవడం సబబు కాదని కెన్యా తీరంలోని గాజీ, మకొంగేని గ్రామస్థులు నిరూపించారు.

కలపకూ, వంటచెరకుకూ నరికివేతకు గురైన మడ అడవిలో 117 హెక్టార్లను వారే కాపాడుతున్నారు. 2013లో ఆరంభమైన ఈ పథకం పేరు ‘మికోకో పమోజా’. స్వాహిలీలో ‘మడచెట్లు, కలసికట్టుగా’ అని అర్థం. మడ బురదలో ప్రాణవాయువు మిక్కిలి తక్కువ. అందువల్ల రాలిన ఆకులూ, వేళ్ళూ త్వరగా కుళ్ళవు. కర్బనం శతాబ్దాల తరబడి అక్కడే నిలుస్తుంది. ఆ నిల్వను లెక్కగట్టి, కర్బన పత్రాలుగా విదేశీయులకు అమ్మగా వచ్చిన ధనంతో మంచినీటి వసతి, పాఠశాలకు పుస్తకాలు సమకూరాయి. ఖర్చును నిర్ణయించేది గ్రామస్థులే.

అడవి దైవమిచ్చిన అమానతు కదా, అమ్మవచ్చునా అని కొందరు మిత్రులు అడుగవచ్చు. అమ్మినది అడవిని కాదు, కాపలా ఫలాన్ని. నాకు ఇబ్బందిగా తోచేది వేరు: పత్రం కొన్నవాడు తన పొగను తగ్గించుకోనక్కరలేదనుకొంటే ఆ బేరం సముద్రానికి మేలు చేయదు.

మన గోదావరి ముఖద్వారాన కోరింగ మడ అడవి ఉన్నది. వనమహోత్సవం నాడు మొక్క నాటి, ఫోటో దిగి మరచిపోవడం మన కళాశాలల్లో ఆనవాయితీ. అందుకు బదులు కళాశాల సంఘం వారు ఒక విద్యార్థి జట్టును వారం రోజులు కోరింగకు పంపవలెనని మనవి. ఉప్పు పేరుకొన్న నేలకు పోటునీరు చేరేటట్లు కాలువలు త్రవ్వే పద్ధతిని అక్కడివారి వద్ద నేర్చుకొందుము. ప్రయాణ వ్యయంలో సగం విద్యార్థులమే భరించగలము.