కొల్లేటి ఒడ్డున న్యాయవిద్య: మా ప్రణాళిక

ఏలూరు కోర్టు ఆవరణలో, తాడేపల్లిగూడెం తరగతి గదుల్లో, కొల్లేటి లంక గ్రామాల అరుగుల మీద న్యాయం గురించి మాట్లాడుకుంటున్నవాళ్లం ఈ రోజు ఒక్కటవుతున్నాం. మాలో న్యాయశాస్త్రం చెప్పేవాళ్లున్నారు, చదివేవాళ్లున్నారు, వకాల్తా పట్టినవాళ్లున్నారు, వాయిదాలకు తిరిగి అలసిపోయినవాళ్లూ ఉన్నారు. న్యాయశాస్త్ర పరిశోధన అన్యాయం జరిగిన చోట మొదలవ్వాలి, అక్కడి మనిషికే లెక్క చెప్పాలి. మా ఉద్యమానికి ప్రాణం ఈ ఒక్క మాటే. చదువుతున్న మిత్రుడా, సోదరీ, మీరు ఈ దారిన నడవదగినవాళ్లని నమ్మి మా విశ్వాసాలను మీ ముందు ఉంచుతున్నాం.

1. తీర్పును వివరించడంతో అధ్యాపకుడి బాధ్యత తీరదు. పోలీస్ స్టేషన్‌లో అత్యాచారానికి గురైన మథుర అనే ఆదివాసీ బాలిక కేసులో సుప్రీంకోర్టు పోలీసులను నిర్దోషులుగా వదిలేసింది. ఆమె ఒంటి మీద గాయాల్లేవు, ప్రతిఘటించిన గుర్తుల్లేవు కనుక సమ్మతి ఉన్నట్టేనన్న తర్కాన్ని 1979లో నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు ఒప్పుకోలేదు. ఉపేంద్ర బక్షి, లోతికా సర్కార్, వసుధా ధగంవార్, రఘునాథ్ కేల్కర్ ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. మహిళా సంఘాలు ఆ లేఖను వీధుల్లోకి తెచ్చాయి. 1983లో చట్టం మారింది. కస్టడీలో జరిగిన అత్యాచారంలో తనకు సమ్మతి లేదని బాధితురాలు సాక్ష్యమిస్తే కోర్టు ఆమె మాటనే నమ్మి మొదలుపెట్టాలి. ఆ నలుగురికీ ఆ కేసులో వకాల్తా లేదు, ఫీజు లేదు. ఉన్నదల్లా చదువు, దానికి తగిన ధైర్యం. న్యాయశాస్త్ర అధ్యాపక జీవితానికి మేము పెట్టుకున్న కొలమానం అదే.

2. ఆ ధైర్యం మన నేలకు కొత్త కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయం తొలి ఉపకులపతి కట్టమంచి రామలింగారెడ్డి 1930లో బ్రిటిష్ ప్రభుత్వ అణచివేతకు నిరసనగా ఆ పదవినే వదులుకున్నారు. ఏలూరులో ఆయన పేరు మోస్తున్న కళాశాలల్లో చదివే ప్రతి విద్యార్థికీ ఆ రాజీనామా కథ తెలిసి ఉండాలి.

3. వృత్తి నైతికతను పరీక్ష పేపరుగా రాసి మరిచిపోకూడదు. 1961 నాటి న్యాయవాదుల చట్టం కింద బార్ కౌన్సిల్ చేసిన నియమాలు స్పష్టంగా ఉన్నాయి: గెలుపోటములకు ఫీజును ముడిపెట్టకూడదు, వచ్చిన సొమ్ములో వాటా అడగకూడదు, నిజంగా అవసరమున్నవాడు డబ్బు చెల్లించలేకపోయినా అతనికి న్యాయ సహాయం దక్కాలని గుర్తుంచుకోవాలి. రోడ్డు ప్రమాదంలో కాలు పోయిన కూలీకి వచ్చే పరిహారంలో ముందే వంతు మాట్లాడుకునేవారికి మా మధ్య చోటు లేదు. ఈ మాట కటువుగా వినిపిస్తుందని తెలిసే అంటున్నాం.

4. మా పరిశోధనకు మొదటి పొలం కొల్లేరు. తమ్మిలేరు, బుడమేరు తెచ్చిన నీటిని ఉప్పుటేరు సముద్రానికి చేర్చే ఈ సరస్సులో చట్టం అంచెలంచెలుగా పేరుకుంది. 1970లలో వడ్డి కులస్థులకు, దళితులకు సహకార సంఘాల పేరిట ప్రభుత్వమే చేపల చెరువులు ఇచ్చింది. కొన్నేళ్లకే చాలా చెరువులు లీజుల మీద పెట్టుబడిదారుల చేతుల్లోకి పోయాయి. 1999లో సముద్రమట్టానికి +5 అడుగుల ఎత్తు గీత (కాంటూరు) వరకు 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది. 2006లో ఆ హద్దు లోపలి చేపల చెరువుల మీదకు యంత్రాలు దిగి గట్లు తెంచాయి. కాంటూరును కుదించాలన్న డిమాండ్ల మీద అజీజ్ కమిటీ 2011లో నివేదిక ఇచ్చింది. ఇన్ని ఉత్తర్వుల మధ్య జవాబు దొరకని ప్రశ్నలు మిగిలే ఉన్నాయి: గట్టు తెగినప్పుడు పోయింది ఎవరి పెట్టుబడి, ఎవరి కూడు? సొసైటీలో పేరుండి, చెరువు చేతిలో లేని సభ్యుడు చట్టం కళ్లకు ఆక్రమణదారుడా, బాధితుడా? ఆటపాక కొంగలకు, పెలికాన్లకు నీళ్లుండాలి, లంక గ్రామాల పిల్లలకు అన్నం ఉండాలి. ఈ రెండింటినీ ఒకే పిటిషన్‌లో అడగగల న్యాయశాస్త్రాన్ని మేము తయారుచేస్తాం. అందుకు తోడు దగ్గరలోనే ఉంది. కాంటూరు గీత ఎక్కడ పడుతుందో ఊరివాళ్లు తమంతట తాము సరిచూసుకోలేరు, దాన్ని కొలిచే విద్య ఇంజనీర్లది. 2015లో తాడేపల్లిగూడేనికి జాతీయ సాంకేతిక విద్యాసంస్థ వచ్చింది. అక్కడి విద్యార్థులూ మన న్యాయ విద్యార్థులూ ఒకే పడవలో కూర్చుని ఆ గీతను ఊరివాళ్లకు చూపించే రోజు రావాలి.

5. ఏలూరు జిల్లా ఎగువ మన్యాన్ని మరిచిన న్యాయవిద్య సగం విద్య. బుట్టాయగూడెం, పోలవరం కొండల్లో ఆదివాసీ భూమి ఆదివాసేతరుల చేతికి పోకుండా 1/70 చట్టం కాపు కాయాలి. షెడ్యూల్డు ప్రాంతాల్లో ప్రభుత్వ భూమిని కూడా ఆదివాసేతరులకు గనుల లీజుకు ఇవ్వకూడదని 1997లో సమత తీర్పు రాసిన జస్టిస్ కె. రామస్వామి పశ్చిమ గోదావరి బిడ్డ. కాకతీయ విశ్వవిద్యాలయంలో గణితం చెప్పి, ఆ ఉద్యోగం విడిచి, తర్వాత నల్లకోటు వేసుకున్న బాలగోపాల్ 2009లో కన్నుమూసేదాకా ఇలాంటి కేసులు భుజాన మోశారు. వీళ్ల వాదనల్ని, తీర్పుల్ని మన పాఠ్యాంశాలుగా చదువుకుందాం.

6. న్యాయం కక్షిదారుకు అర్థమయ్యే భాషలో నడవాలి. రాజ్యాంగం 348వ అధికరణం హైకోర్టుకు ఇంగ్లీషును నిర్దేశించింది. అది మారేదాకా ఆగనవసరం లేదు. నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతూనే మాడభూషి శ్రీధర్ చట్టాలను తెలుగులో విడమరిచి రాశారు. తర్వాత కేంద్ర సమాచార కమిషనర్‌గానూ పనిచేశారు. అధ్యాపకుడి రచన గ్రంథాలయం దాటి రచ్చబండ దాకా వెళ్లగలదనడానికి మాకు ఆయనే ఉదాహరణ.

మేము కోరుకునే రేపు ఇలా ఉంటుంది. న్యాయ కళాశాలలో చేరిన పిల్ల మొదటి ఏడాదే కైకలూరులోనో ఉంగుటూరులోనో మండల కార్యాలయం వరండాలో కూర్చుని అర్జీలు రాస్తుంది. 1976లో రాజ్యాంగంలో చేరిన 39ఎ అధికరణం ఉచిత న్యాయ సహాయాన్ని వాగ్దానం చేసిందని పుస్తకంలో చదవకముందే, ఆ వాగ్దానం అందని ముసలమ్మ పేరు ఆమెకు తెలిసి ఉంటుంది. ఆమె గురువు పదోన్నతికి ఎన్ని వ్యాసాలు అచ్చయ్యాయో లెక్కపెట్టేవాళ్లు, ఆ పరిశోధన వల్ల ఎవరి పట్టా నిలబడిందో కూడా అడుగుతారు. గెలవలేని కేసును గెలవలేమని కక్షిదారుకు మొదటి రోజే చెప్పే వకీలుకు ఊళ్లో పేరొస్తుంది.

మొదటి పని చెప్పి ముగిస్తాం. మీ ఇంట్లో జిరాయితీ పట్టా, చెరువు లీజు ఒప్పందం, సొసైటీ సభ్యత్వ పుస్తకం, కోర్టు నోటీసు ఏది ఉన్నా అసలు మీ దగ్గరే ఉంచుకుని నకలు తీసుకురండి. మా విద్యార్థులు చదివి, అందులో ఏముందో మీ ముందే తెలుగులో చెబుతారు. ఎవరూ రూపాయి ఇవ్వక్కర్లేదు. మీరు ఒప్పుకుంటే పేర్లు తీసేసి ఆ నకళ్లను భద్రపరుస్తాం. కొల్లేటి భూమి హక్కుల చరిత్రను వాటితోనే రాయడం మొదలుపెడతాం.