ఏరివేత చదువు

మృగశిర కార్తె ప్రవేశించినది. రఘునాథపల్లి చేలలో విత్తులు పడు వేళకే, జూన్ 12వ తేదీన, బడుల తలుపులును తెరవబడును. పసివారి కది పండుగ దినము. కాని నాలుగవ, అయిదవ తరగతుల పిల్లలున్న యిండ్లలో ఆ పండుగ వెంట నొక భయము గూడ గడప దాటుచున్నది. గురుకుల ప్రవేశపరీక్షలో బిడ్డ నెగ్గునా? నవోదయలో సీటు వచ్చునా? తొమ్మిది, పదియేండ్ల బిడ్డకు తెలివి గలదో లేదో తీర్పు చెప్పుటకు మనము సిద్ధపడుచున్నాము. ఈ తీర్పు తగదని మా వాదము.

న్యాయముగా ఒప్పుకొనవలసినది ముందుగా ఒప్పుకొనెదము. 1971లో పి. వి. నరసింహారావుగారు ముఖ్యమంత్రిగా నుండగా సర్వేలులో గురుకుల పాఠశాల వెలసినది. 1986 నాటి జాతీయ విద్యావిధానముతో నవోదయ విద్యాలయములు వ్యాపించినవి. వీనిలో నూటికి 75 స్థానములకు తక్కువ గాకుండ పల్లె పిల్లలకే చెందును. పేదయింటి బిడ్డకు మంచి చదువు, వసతి, భోజనము లభించుట గొప్ప మేలు. మా యాక్షేపణ ఆ మేలును గూర్చి కాదు, దానికి పెట్టిన ద్వారమును గూర్చి.

నవోదయ ద్వారమును జూడుడు. అయిదవ తరగతి బిడ్డ రెండు గంటలలో 80 ప్రశ్నలకు జవాబులు గుర్తింపవలెను. ఒక విద్యాలయమున ఆరవ తరగతిలో చేరగలవారు హెచ్చుగా 80 మంది. ఆ పరీక్షను రెండవమారు వ్రాయ వీలులేదు. నాడు బిడ్డ జ్వరముతో వ్రాసినను అంతియే. పెద్దలకు ఉద్యోగపరీక్షలు పలుమారులు వ్రాయ ననుమతించు లోకము పసివానికి ఒక్క యుదయమే యిచ్చుట యెట్టి ధర్మము? శిక్షణకు డబ్బు పెట్టగల తండ్రి బిడ్డ ఆ ప్రశ్నల రూపములను ముందే బట్టీ పట్టియుండును. కూలివాని బిడ్డ వానిని పరీక్షాశాలలోనే తొలిసారి చూచును.

1905లో ఫ్రాన్సు పండితుడు బీనే, సిమోనుతో గూడి బుద్ధిపరీక్షను కల్పించినది చదువులో వెనుకబడిన బిడ్డలను గుర్తించి సాయపడుటకు. అమెరికాలో టెర్మను దానినే ప్రతిభావంతుల నేరుటకు వాడుకొని 1921లో పెద్ద పరిశోధన నారంభించెను. అందు ఏరబడక మిగిలిన షాక్లీ 1956లోను, ఆల్వరెజ్ 1968లోను భౌతికశాస్త్రమున నోబెల్ బహుమానము లందిరి. చెరిగిన చేటలో నుండి పొట్టుతో పాటు గింజయు నెగిరిపోయినది. అంత దూర మేల? రఘునాథపల్లి యున్న జనగామ జిల్లాలోనిదే బమ్మెర. సహజపండితుడని తెలుగువారు కొలుచు పోతనకు ఏ ప్రశ్నపత్రముతో సీటిచ్చియుందుము?

2009 విద్యాహక్కు చట్టము బడిలో చేరు బిడ్డకు వడపోత పరీక్ష పెట్టరాదని విధించినది. సామాన్యపు బడి ద్వారమున తప్పైనది, ఉత్తమపు బడి ద్వారమున ఒప్పెట్లగును?

"తెలివిగల బిడ్డను ఏరకున్న విసుగుతో చెడిపోవడా?" యని కొంద రడుగుదురు. సత్యమే, పని లేని బుద్ధి మొద్దుబారును. కాని ఆ బుద్ధికి మేత ఊరి బడిలోనే పెట్టవచ్చును. వాన కొలుచుట, సంత ధరల లెక్క, ఊరి పటము గీయుట, కథల పుస్తకములు — ఇవి అందరి ముందు పెట్టుడు. వేగముగా నడచువాడు ముందు నడచును. మెల్లగా నడచువాడును దారి చూచును. దీనికి కావలసినది ఉపాధ్యాయుడు. అయిదు తరగతులకు ఒకరిద్దరే యున్న బడులు నేటికిని గలవు. చురుకైన బిడ్డ లేచిపోవునప్పుడు, బడి కొరకు గట్టిగా అడుగగల తల్లిదండ్రుల గొంతును దానితోనే లేచిపోవుచున్నది. మిగిలిన బిడ్డల పక్షమున అడుగువా రెవరు?

కావున చదువరులారా, మీ బిడ్డ పరీక్ష వ్రాయదలచిన వ్రాయనిండు, నెగ్గిన సంతోషింపుడు. నెగ్గకున్న ఆ బిడ్డ యెదుట "తెలివి లేదు" అను మాట మాత్ర మాడకుడు. ఆ మాట బిడ్డ చెవిలో నుండి పోదు. మరియు మీ బిడ్డ వెళ్లిపోయిన పిదపను ఊరి బడి గడప త్రొక్కుట మానకుడు. అచ్చట మిగిలినవారును మన బిడ్డలే.