తాళంచెవి ఎవరిది?

సొంత ఇల్లు కట్టించుకున్నాక, ఒక గది తాళంచెవి మేస్త్రీ తన మొలలోనే దోపుకుంటే ఏమనాలి? లినక్స్ కంప్యూటరు వాడేవారికి ఆ అవస్థ పాతదే. 1991లో ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన ఈ వ్యవస్థలో రహస్యం లేదు. తప్పుంటే తెలిసినవారెవరైనా దిద్దవచ్చును. కాని తెరమీద బొమ్మ చూపే ఎన్విడియా కార్డును నడిపే డ్రైవరు మాత్రం కంపెనీ గుట్టు. లినక్స్ మారినప్పుడల్లా కంపెనీవారే దానిని సవరించి ఇవ్వాలి. అందాకా తెర మొరాయించినా దిక్కులేదు! 2012లో టోర్వాల్డ్స్ నిండుసభలో ఆ కంపెనీని తిట్టిపోశారు. 2022లో కంపెనీ కొంత దిగివచ్చి, డ్రైవరులో ఒక భాగం బయటపెట్టింది. తక్కినది ఇంకా తాళంలోనే ఉన్నది. పాత కార్డులవారికి ఆ కాస్త భాగ్యమూ లేదు. సొమ్ము మనది, సోకు వారిది!