సామాన్ల దగ్గర మనిషి

మన కుటుంబాలు ఏ యాత్రకు వెళ్ళినా ఒక ఉద్యోగం మాత్రం ఎన్నడూ ఖాళీగా ఉండదు. అది సామాన్ల దగ్గర కూర్చునే ఉద్యోగం. దానికి దరఖాస్తు అక్కర లేదు, జీతం లేదు, సెలవు అంతకన్నా లేదు. రైలు స్టేషనులోనూ, కోనేటి గట్టునా, కొండ మెట్ల క్రిందా ఆ ఉద్యోగిని మీరు చూసే ఉంటారు. సాధారణంగా ఆవిడ ఆ యింటి యిల్లాలు. "మీరు వెళ్ళి రండి, నేను చూడనివా!" అంటుంది. నిజానికి ఆవిడ చూసినవి సంచులే.

కిందటి మే నెలలో గుంటూరు ఎండకు తాళలేక మేము నలుగురం హిమాలయాలవైపు వెళ్ళాము. ఉత్తరాఖండ్‌లో ఊఖీమఠం అనే ఊరున్నది. శీతకాలంలో కేదారనాథుని గుడి మూసినప్పుడు స్వామికి పూజలు ఇక్కడి ఓంకారేశ్వరాలయంలో జరుగుతాయి. అక్కడినుంచి చోప్తా వెళ్ళే దారికి కాస్త పక్కగా సారీ అనే పల్లె. ఆ పల్లెనుంచి సుమారు 3 కిలోమీటర్లు కొండ ఎక్కితే దేవరియా తాల్ అనే చెరువు వస్తుంది. సముద్రమట్టానికి 8,000 అడుగుల ఎత్తు. ఉదయం ఎక్కి సాయంత్రానికి దిగి రావచ్చును.

చెరువుకంటె దాని కథ పెద్దది. యక్షుడు ధర్మరాజును ప్రశ్నలడిగిన కొలను ఇదేనని ఆ ప్రాంతంవారి నమ్మకం. వ్యాసభారతం ఆ కథను ద్వైతవనంలో చెబుతున్నది. పాకిస్తాన్ పంజాబులోని కటాస్ రాజ్ కోనేటికీ ఇదే ఖ్యాతి ఉన్నది. ఆ తగవు తీర్చడం నా పని కాదు. నన్నయ సగంలో వదిలిన అరణ్యపర్వాన్ని ఎఱ్ఱన పూర్తి చేశాడు గదా, ఈ కథ ఆ ఎఱ్ఱన భాగంలోనిదే. ఏటేటా క్లాసులో చెప్పే ఆ నీళ్ళను ఒకసారి కళ్ళారా చూడాలని నా సరదా.

సారీలో టీకొట్టు దగ్గర జీపు దిగగానే మా ఆవిడ బల్లమీద కూర్చుని నాలుగు సంచులూ కాళ్ళ దగ్గరికి లాక్కున్నది. "ఏమండీ, మీరూ పిల్లలూ వెళ్ళి రండి. నా మోకాళ్ళతో మీకు ఆలస్యం" అన్నది. మా అబ్బాయి అప్పటికే పది గజాలు ముందుకు పోయాడు. అమ్మాయి మాత్రం, "నువ్వు రాకపోతే నేనూ రాను. ఇద్దరం సంచులు చూస్తూ కూర్చుందాం" అని తల్లి పక్కన చేరింది. టీ పోస్తున్న ముసలమ్మకు భాష తెలియకపోయినా సంగతి తెలిసింది. తాను ఆ కొండమీదినుంచి ఎన్ని గడ్డిమోపులు దింపిందో లెక్కలేదనీ, సంచులకు కాళ్ళు లేవు గనుక అవి ఎక్కడికీ పోవనీ తన హిందీలో చెప్పి, వాటిని లోపల పెట్టి తాళం వేసింది. ఇక కూర్చోవడానికి మా ఆవిడకు కారణం మిగలలేదు.

దారి రాళ్ళు పరిచినదే గాని ఎక్కుడు గట్టిది. ఆ కొండలమీద బురాంశ్ చెట్లు మార్చి, ఏప్రిల్ నెలల్లో ఎర్రగా పూస్తాయి. మేము వెళ్ళేసరికి పూలు రాలిపోయి, ఆ పూల షర్బత్తు మాత్రం దుకాణాల్లో మిగిలింది. యాభై అడుగులు నడవడం, కూర్చోవడం, రెండు గుక్కల నీళ్ళు తాగడం, మళ్ళీ లేవడం. గంటన్నర నడకకు మూడు గంటలు పట్టింది. దిగివస్తున్న కుర్రవాళ్ళు, "పొద్దున చౌఖంబా శిఖరం నీళ్ళలో అద్దంలోలాగా కనిపించింది. ఇప్పుడు మబ్బు కమ్మింది" అన్నారు. 7,138 మీటర్ల ఆ శిఖరంకోసమే మా అబ్బాయి అంతదూరం వచ్చినది.

చెరువు చిన్నదే. చుట్టూ పచ్చిక, పచ్చిక అంచున అడవి. శిఖరం ఉండవలసిన చోట తెల్లని మబ్బు, నీళ్ళలోనూ ఆ మబ్బే. "త్వరగా వచ్చి ఉంటే కనిపించేది" అన్నాడు వాడు ఉండబట్టలేక. ఎవరిని అన్నాడో అందరికీ తెలుసు. మా ఆవిడ తల వంచుకున్నది.

"ఒరేయ్, ఒక్క తమ్ముణ్ణి బ్రతికిస్తానని యక్షుడంటే ధర్మరాజు ఎవరిని అడిగాడు?" అన్నాను.

"నకులుణ్ణి."

"భీముడూ అర్జునుడూ ఉండగా నకులుడేమిటి?"

వాడు ఊరుకున్నాడు. అమ్మాయి అందుకున్నది: "కుంతికి తానున్నాడు, మాద్రికీ ఒక కొడుకుండాలని."

అప్పటికి కుంతి హస్తినలో విదురుని యింట ఉన్నది. మాద్రి ఏనాడో పాండురాజుతోనే వెళ్ళిపోయింది. ముందున్నది యుద్ధం, కావలసింది గదా, గాండీవమూను. అయినా ఆ నీటి ఒడ్డున నిలబడి ధర్మరాజు అక్కడ లేని ఆ తల్లిని కూడా లెక్కలో వేసుకున్నాడు. యక్షుడు మెచ్చి నలుగురినీ బ్రతికించినది అందుకే.

అబ్బాయి మారు పలకలేదు. కాసేపటికి నీళ్ళసీసా తెచ్చి తల్లికిచ్చి ఆమె పక్కనే కూర్చున్నాడు. మబ్బు తొలగలేదు. తొలగిందని రాస్తే కథ బాగుండును గాని అబద్ధమవుతుంది. మా ఆవిడ గంటసేపు నీళ్ళవంక చూసి, "ఇక్కడ నన్నెవరూ ఏమీ అడగడం లేదు, హాయిగా ఉంది" అన్నది. యక్షుని చెరువు దగ్గర ఈ మాట అన్న మొదటి మనిషి ఆవిడే గాబోలు!

ఈ వేసవికి కొండలకు వెళ్ళే పాఠకులకు మూడు మాటలు. శిఖరం చూడాలంటే క్రిందటి రాత్రే ఆ పల్లెలో బస చేసి తెల్లవారుజామున బయలుదేరండి. కొండల్లో మబ్బు మనకోసం ఆగదు. అందరికన్న మెల్లగా నడిచేవారిని ముందు నడవనివ్వండి, అప్పుడు వెనకబడేవారంటూ ఉండరు. ఇక సామాన్లను ఎవరి దగ్గర వదలాలని కాక, ఎక్కడ వదలాలని ఆలోచించండి. శిఖరం రేపు ఉదయం మళ్ళీ కనిపిస్తుంది. "మీరు వెళ్ళి రండి" అనే మనిషికి వచ్చే ఏటికి మోకాళ్ళలో ఈ మాత్రం సత్తువైనా ఉంటుందని ఎవరు చెప్పగలరు?